జనరేటర్ల బిల్లుకు మేము రాసిన ఉత్తరాలు

ఆ శనివారం పొద్దున పంజాగుట్ట జిరాక్స్ షాపులో ఉన్నవి: రెండు జిరాక్స్ మెషిన్లు, వాటిలో పనిచేసేది ఒకటి, ఒక కంప్యూటర్, మూడు స్టూళ్లు, నాలుగు చాయ్‌లు, ఇరవై ఎనిమిది పేజీల బిల్లు కాపీ, నా ఐదు మీటర్ల టేపు, ఒక స్కూలు బ్యాగు. బ్యాగులో చిన్న ఆక్సిజన్ సిలిండర్. ఉన్నవారు: షాపు నడిపే చాచా, అమీర్‌పేట నుంచి వచ్చిన అక్క, ఆమె భర్త, నేను. సిలిండర్ అక్క భర్తది.

ఆ బిల్లును మేము జనరేటర్ల బిల్లు అనేవాళ్లం. అసలు పేరు రెండు లైన్లు ఉంటుంది. శాసనసభలో ప్రవేశపెట్టాక దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. అంటే, పాస్ చేసే ముందు కొందరు సభ్యులు కూర్చుని ఒక్కో క్లాజూ పరిశీలిస్తారు. ప్రజలు తమ అభ్యంతరాలు పదిహేను రోజుల్లో రాసి ఇవ్వొచ్చని పేపర్లో చిన్న ప్రకటన వేశారు. నేను చూసేసరికే మూడు రోజులు గడిచాయి.

మాకు సంబంధించినవి రెండు క్లాజులు. ఆరో క్లాజు ప్రకారం డీజిల్ జనరేటర్ పొగగొట్టం ఏ ఇంటి కిటికీకైనా కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి, పక్క భవనాల కప్పు కంటే ఎత్తుగా ఉండాలి. పదకొండో క్లాజు ప్రకారం, చట్టం వచ్చేనాటికే బిగించి ఉన్న జనరేటర్లకు ఆరో క్లాజు వర్తించదు.

"ఆరోది దేవుడు రాసిండు, పదకొండోది బిల్డింగ్ ఓనర్ రాసిండు," అన్నాడు చాచా, చాయ్ ఊదుకుంటూ.

అక్క నవ్వలేదు. "గీ పదకొండోది తీసేస్తే మన గొట్టం జరుపుతరా తమ్ముడూ?" అని అడిగింది.

"తీసేస్తే జరపాల్సిందే," అన్నాను.

అది నిజం. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం; పెద్ద భవనాలు కరెంటు ఎక్కడ వృథా చేస్తున్నాయో కొలిచి రిపోర్టులు రాస్తాను. ఆ రిపోర్టులు బైండింగ్ చేయించేది చాచా షాపులోనే. అక్కడే ఒకరోజు అక్క కాగితాలు జిరాక్స్ తీయిస్తూ కనిపించింది. అవి చర్చి క్యాలెండర్ నుంచి చింపిన నెలల కాగితాలు. వెనక తెల్లటి వైపు సన్నటి అక్షరాలతో నిండిపోయి ఉన్నాయి. చాచా నన్ను చూపించి, "బెహన్, కరెంటు డాక్టర్ ఈయనే, నబ్జ్ చూపించు, నాడి పడతడు," అన్నాడు.

అక్క పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది. ఇల్లు అమీర్‌పేటలో ఒక పాత అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తు. ఇంటి వెనక ఐదంతస్తుల కాంప్లెక్స్, నిండా కోచింగ్ సెంటర్లు. రెండింటికీ మధ్య ఖాళీలో జనరేటర్. దాని పొగగొట్టం అడ్డంగా వచ్చి అక్క వంటింటి కిటికీకి ఎదురుగా ఆగుతుంది. నేను వెళ్లి టేపుతో కొలిచాను. రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు.

కరెంటు పోయినప్పుడే జనరేటర్ నడిస్తే అంత బాధ లేదు. ఇప్పుడు కరెంటు పెద్దగా పోదు. ఆ కాంప్లెక్స్ కరెంటు సంస్థ నుంచి తీసుకున్న లోడ్ తక్కువ, బిగించిన ఏసీలు ఎక్కువ. అన్నీ ఒకేసారి నడిస్తే జరిమానా పడుతుంది. అందుకని రోజూ మధ్యాహ్నం బ్యాచులు నిండగానే సగం అంతస్తులను జనరేటర్ మీదికి మారుస్తారు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా. ఇది నేను కనిపెట్టింది కాదు. అక్క క్యాలెండర్ కాగితాల్లో పద్నాలుగు నెలల లెక్క ఉంది. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఆ రోజు ఆయన ఎన్నిసార్లు లేచి కూర్చున్నాడు.

ఆయనను నేను అన్న అనేవాణ్ని. ఒకప్పుడు ఫర్నిచర్ పాలిష్ పని చేసేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. అది జనరేటర్ వల్ల వచ్చిందని డాక్టర్ అనలేదు, నేనూ ఎక్కడా రాయలేదు. పొగ తగలకూడదు, తగిలితే బతికే రోజులు తగ్గుతాయి అని మాత్రం డాక్టర్ చెప్పాడు. ఇల్లు అమ్ముదామని రెండేళ్లుగా చూస్తున్నారు. చూడ్డానికి వచ్చేవాళ్లు మధ్యాహ్నాలే వస్తారు, హాల్లోనే నిలబడి వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. జబ్బు రాకముందు అన్న ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. మైకు అక్కర్లేని గొంతు అని అక్క చెప్పింది. ఇప్పుడు ఒక వాక్యానికి రెండుసార్లు ఆగుతాడు.

మొదటి వారంలో నలభై ఏడు ఉత్తరాలు వచ్చాయి. అక్క ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర కాగితాలు పంచింది. చాచా శుక్రవారం నమాజు నుంచి వచ్చేవాళ్లను షాపులోకి లాగి రాయించాడు. నేను కోచింగ్ హాస్టళ్లకు తిరిగాను. ప్రతి ఒక్కరూ వాళ్లకు వచ్చినట్టు రాశారు. కొన్ని తెలుగు, కొన్ని ఉర్దూ. ఒక టైలర్ తన కుట్టుమిషన్ చప్పుడు తనకే వినపడటం లేదని రాశాడు. ఒకావిడ ఉతికిన తెల్లబట్టల గురించి ఒకటిన్నర పేజీ రాసింది. ఒకాయన జనరేటర్ సంగతి ఒక్క లైనులో ముగించి మిగతా పేజీ అంతా డ్రైనేజీ గురించి రాశాడు. అదే కాంప్లెక్స్‌లో చదివే ఒక విద్యార్థి, "మేము లోపల చల్లగా ఉంటాం, పొగ ఎటు పోతుందో మాకు తెలియదు, నిన్న వెనక్కి వెళ్లి చూశాను," అని రాశాడు.

అవన్నీ నాకు చికాకు తెప్పించాయి. నలభై ఏడింటిలో క్లాజు నంబరు రాసినవి ఆరు. వాటిలోనూ రెండు తప్పు. ముగ్గురు అడ్రస్ రాయలేదు. ఒకరు ముఖ్యమంత్రికి శుభాకాంక్షలతో మొదలుపెట్టారు. నా ఉద్యోగంలో ఇలాంటి డేటాను ముందు శుభ్రం చేస్తారు. అందుకని ఆ రాత్రే ఒక ఫార్మాట్ తయారుచేశాను. ఒక్క పేజీ. పైన విషయం; మధ్యలో పదకొండో క్లాజు ఎందుకు తొలగించాలో మూడు కారణాలు, డెసిబెల్సూ మీటర్లూ సహా; కింద గడుల్లో పేరు, వయసు, అడ్రస్, కోరుతున్న మార్పు, కమిటీ ముందు మాట్లాడదలచుకున్నారా, అవును, కాదు, సంతకం. రాసిచ్చిన నలభై ఏడుగురినీ మళ్లీ కలిసి అదే ఫార్మాట్‌లో సంతకం చేయించాలని చెప్పాను. కొత్తవాళ్లకు నేరుగా అదే.

చాచా మొదటి ప్రింటు పట్టుకుని వెలుగులోకి పెట్టి చూశాడు.

"ఇంజనీర్ సాబ్, ఇది దరఖాస్తా, షాదీ కార్డా? అందరికీ ఒకటే మజ్మూన్, పేరొక్కటే వేరే."

"అందరూ ఒకటే మాట అంటేనే బలం చాచా."

"నాకెందుకు మియా, నాకైతే కాపీల గిరాకీ," అని మెషిన్ ఆన్ చేశాడు. నిజానికి ఆ కాపీలకు అతను నా దగ్గర ఏమీ తీసుకోలేదు.

అక్క ఉత్తరం నాలుగు పేజీలు. ఇంట్లో వంట తెల్లవారుజామునే ముగించుకోవడం, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కడం, మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా గంటకోసారి ఇంటికి ఫోన్ చేసి, మాట్లాడొద్దు, ఒకసారి దగ్గు చాలు అని అన్నకు చెప్పడం. ఫోన్లో ఆ దగ్గు వినగానే తరువాతి టోకెన్ పిలవడం. వెనక క్యాలెండర్ కాగితాలు కుట్టి ఉన్నాయి, అసలువే; జిరాక్సులు ఇంట్లో ఉంచుకుంది.

నేను ఆ నాలుగు పేజీలు చదివాను. చదివి, ఆమె ఫార్మాట్‌లో పేరు, వయసు, అడ్రస్ నింపి సంతకం కోసం ఇచ్చాను.

"నాది గింతేనా?" అంది.

"కమిటీ వాళ్లకు టైం ఉండదక్కా. ఇవన్నీ అన్న నోటితో చెప్తాడు కదా. అన్న కాగితంల అవును అని టిక్ పెట్టిన."

ఆమె సంతకం పెట్టింది. నాలుగు పేజీలూ, మిగతా నలభై ఆరు ఉత్తరాలూ చాచా షాపులో ఒక ఖాళీ పేపర్ డబ్బాలో పెట్టాను.

గడువుకు ఒకరోజు ముందే మూడు వందల పన్నెండు సంతకాలు అయ్యాయి. వరుస నంబర్లు వేశాను. ఫార్మాట్ రాసింది నేను కనుక ఒకటో నంబరు నాది. రెండు అన్న, మూడు అక్క. నేనూ అక్కా ఖైరతాబాద్ మీదుగా ఆటోలో వెళ్లి అసెంబ్లీ ఇన్‌వర్డ్ సెక్షన్‌లో కట్ట ఇచ్చాం. గుమాస్తా పై కాగితం మీద స్టాంపు గుద్దాడు. పై కాగితం మీదే. అది నేను గమనించాను, ఏమీ అనుకోలేదు.

తరువాతి పది రోజులు అన్న సాధన చేశాడు. అక్క నాలుగు పేజీల్లోని సంగతులనే ఒక పేజీకి తగ్గించి రాసుకుని చదివేవాడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారని ప్రకటనలో ఉంది. నేను సాయంత్రాలు వెళ్లి ఫోన్లో టైం చూసేవాణ్ని. మొదటిసారి ఆరు నిమిషాల పది సెకన్లు. మధ్యలో ఆగిన చోట్లు పదిహేడు.

"ఊపిరి తీసుకునే టైం కూడా లెక్కలోకొస్తదా?" అని అడిగాడు.

"వస్తది అన్నా."

"అయితే మాటలు కోస్త. ఊపిరి కోసుడు నాతోని కాదు."

ఒక్కో వాక్యం కోసుకుంటూ వచ్చాడు. తడిగుడ్డలు పోయాయి. ఇల్లు అమ్ముడుపోని సంగతి పోయింది. ఫోన్లో దగ్గు మాత్రం కోయలేదు. ఏడోరోజు రెండు నిమిషాల యాభై సెకన్లకు తెచ్చాడు. ఆ రోజు అక్క ఉప్మా చేసి పెట్టింది. ఆయన మొఖం వెలిగిపోయింది అని రాస్తే ఎక్కువ చెప్పినట్టవుతుంది. పళ్లెం ఖాళీ చేశాడు.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం కమిటీ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. సెక్షన్ ఆఫీసర్. మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, మీ మెమోరాండానికి రేపు పదకొండున్నరకు టైం ఇచ్చినం. మీరొక్కరు రావాలె."

"పదిహేను మంది అవును అని టిక్ పెట్టారండి."

"మ్యాటర్ అంతా ఒకటే కద సార్. ఒకే మ్యాటర్ ఉంటే ఎన్ని సంతకాలున్నా ఒక్క మెమోరాండం కిందనే రాస్తం. మెమోరాండానికి ఒక్కరు, ఫస్ట్ సంతకం పెట్టినాయన. గది మా రూలు."

"నా బదులు రెండో నంబరు ఆయన మాట్లాడతారు."

"మార్చాలంటే మూడు రోజుల ముందు రాతల ఇయ్యాలె సార్. నేనేం జేస్త చెప్పండి."

నేను అక్కకు ఫోన్ చేశాను. కౌంటర్ మీద ఎవరో రసీదు అడుగుతున్న గొంతు వినిపించింది. అంతా విని, "అయినా వస్తం. అడుగుదం," అంది.

మరునాడు ముగ్గురం వెళ్లాం. అన్న చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ పాస్ అడిగారు. ఉన్నది ఒక్కటే. బ్యాగులో సిలిండర్ చూసి ఇంకాస్త దూరం జరగమన్నారు. సెక్షన్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే పాపం బయటిదాకా వచ్చాడు. అన్నను చూసి, "కూసోండి సార్, నీడకు కూసోండి," అని కుర్చీ తెప్పించాడు. లోపలికి మాత్రం కుదరదన్నాడు.

కమిటీ గది బయట వరండాలో చాలామంది ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, చేతిలో తలొక ఫైలు. కాంప్లెక్స్ యజమానులు, కోచింగ్ సెంటర్ల వాళ్లు. ఒకాయన మిగతావాళ్లకు పని పంచుతున్నాడు.

"నువ్వు పరీక్షల సంగతి మాట్లాడు. ఆయన ఉద్యోగాల సంగతి చూసుకుంటడు. నేను లిఫ్టుల ముచ్చట చెప్త. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పొద్దు, యాదుంచుకోండి."

నోటీసు బోర్డు మీద ఆనాటి జాబితా ఉంది. పదకొండో క్లాజును సమర్థిస్తూ వచ్చిన మెమోరాండాలు పంతొమ్మిది. పంతొమ్మిది లెటర్‌హెడ్లు, పంతొమ్మిది రకాల మాటలు, పంతొమ్మిది మూడు నిమిషాలు. వ్యతిరేకిస్తూ వచ్చింది ఒకటి. పక్కన బ్రాకెట్లో సంతకాల సంఖ్య కూడా రాయలేదు.

నేను లోపల రెండు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడాను. లోడ్ లెక్క చెప్పాను. రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు చెప్పాను. మధ్యాహ్నాల లెక్క చెప్పాను. సభ్యుల్లో ఒకావిడ మాత్రం రాసుకుంటోంది. ఆమె తలెత్తి అడిగింది.

"మీరుండేది ఆ ఇంట్లోనేనా బాబూ?"

"కాదు మేడం. అమీర్‌పేటలోనే, వేరే గల్లీలో హాస్టల్."

"మరి ఆ ఇంట్లో ఉండేవాళ్లు?"

"ఆయన గేటు దగ్గర కూర్చున్నారు మేడం. పాస్ రాలేదు."

అధ్యక్షుడు కలగజేసుకున్నాడు. "గేటు కాడ ఉన్నాయన మాట రికార్డుల రాదమ్మా. మీ మెమోరాండంల ఆయన రాసిందేమన్నా ఉంటే చదువు బాబూ. ఉంటే రికార్డుల పెడతం."

నా ముందు మూడు వందల పన్నెండు కాగితాల కట్ట ఉంది. రెండో కాగితం తీశాను. పేరు, వయసు యాభై మూడు, అడ్రస్, కోరుతున్న మార్పు: క్లాజు పదకొండు తొలగింపు. అవును అనే గడిలో టిక్, అది నేను పెట్టింది. సంతకం. పైన మూడు కారణాలు నావి. మూడో కాగితం తీశాను. అదీ అంతే. నాలుగు పేజీలు, పద్నాలుగు నెలల కాగితాలు పంజాగుట్టలో డబ్బాలో ఉన్నాయి.

"లేదు సార్," అన్నాను.

"సరే," అని గంట కొట్టాడు. ఆ మేడం పెన్ను మూసింది.

బయటికి వచ్చేసరికి అన్న తాను సాధన చేసిన కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. నన్ను చూసి ఆపాడు. ఏమైందో నేను చెప్పాను, డబ్బాతో సహా. అక్క కోప్పడుతుందేమో అనుకున్నాను.

"ఆటో పిలువు తమ్ముడూ. పన్నెండున్నర కాకముందు ఇంటికి పోయి కిటికీల గుడ్డలు పెట్టాలె," అంది.

డబ్బా తీసుకుని మరునాడు మళ్లీ ఇన్‌వర్డ్ సెక్షన్‌కు వెళ్లాను. గడువు దాటిందని తీసుకోలేదు. ఆ మేడం ఇంటి అడ్రస్‌కు అక్క ఉత్తరం కాపీ పోస్టు చేశాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది, జవాబు రాలేదు.

బిల్లు పాస్ అయిన రోజు చాచా ఫోన్లో సభ ప్రసారం పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఎజెండాలో మొత్తం నాలుగు బిల్లులు. మాది మూడోది. క్లాజు ఆరు, అనుకూలంగా ఉన్నవారు అవును అనండి. క్లాజు పదకొండు, అవును అనండి. ఒక గిరాకీ ఆధార్ జిరాక్స్ కోసం వచ్చాడు. చాచా తీసిచ్చి వచ్చేసరికి నాలుగో బిల్లు నడుస్తోంది.

"హోగయా?" అన్నాడు.

"అయిపోయింది."

"షాదీ కార్డు అని అన్ననే గాని, నేను సుత ఆపలేదు కదా. ఆ మెషిన్ నడిపింది నేనే," అన్నాడు. ఆ తరువాత ఆ సంగతి మా మధ్య రాలేదు.

పదకొండో క్లాజు అలాగే ఉంది. పాత జనరేటర్లను నమోదు చేయించుకుంటే చాలన్న ఒక్క మాట చేర్చారు. రెండు నెలలకు కాంప్లెక్స్ జనరేటర్ మీద నమోదు పలక బిగించారు. అంతకుముందు ఓనర్‌తో గొడవపడితే, చూద్దాం లేమ్మా అనైనా అనేవాడట. ఇప్పుడు పలక చూపిస్తున్నాడు.

వానాకాలంలో అన్నకు ఇంట్లో కూడా సిలిండర్ తీయడం కుదరలేదు. పొగ వచ్చే దారి మూసేయమని డాక్టర్ చెప్పాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చర్చికే వెళ్లే ఒక మేస్త్రీ వచ్చాడు. నేను ఇటుకలు అందించాను. అక్క గట్టు మీది డబ్బాలు, స్టవ్వు హాల్లోకి మార్చింది. అన్న తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని చూశాడు.

"ఇంజనీర్, ఇగ నీ టేపుకు పనిలేదు," అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

సిమెంటు తడి ఆరకముందే అక్క నన్ను తన కాగితాలు ఇమ్మంది. తెచ్చి ఇచ్చాను. జిరాక్సులు కాదు, అసలువి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఇంకా రాస్తున్నవా అక్కా?" అని అడిగాను. "కిటికీ లేకుంటే ఎప్పుడు మొదలైతుందో ఎట్ల తెలుస్తది," అంది.

ఆ కిటికీ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మూయడానికి ముప్పై తొమ్మిది ఇటుకలు పట్టాయి.